బండి కాగితాల్లో బాపు

“బండి పోతది సార్. మీరు పోతరా లేదా అన్నదే డౌటు.”

హన్మకొండలో మా మెకానిక్ భాయ్ అన్న మాట ఇది. జూన్ నెల, షెడ్డు బయట వాన పడుతోంది. నాకు యాభై రెండేళ్ళు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటాను. నెలకోసారి నడుము పట్టేస్తుంది. దేశం దాటింది ఎన్నడూ లేదు. అలాంటి మనిషి బుల్లెట్ మీద ఖాట్మండు దాకా పోయొస్తానంటే డౌటు రాకుండా ఉంటుందా?

ఈ ఆలోచన మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో పుట్టింది. ఫిజిక్స్ చెప్పే మిత్రుడికీ నాకూ ఒకటే జబ్బు. ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, ఎవరెవరో లడఖ్ పోయిన వీడియోలు ఫోన్లో చూస్తూ కూర్చుంటాం. “చూసుడేనా సార్, పోయేదేమన్నా ఉన్నదా?” అని ఒకరోజు అటెండర్ నవ్వుతూ అడిగాడు. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

పోతే ఎక్కడికి? బండిని ఓడ ఎక్కించి పంపే స్తోమత మాకు లేదు. చాలా దేశాలకి సొంత బండి తీసుకుపోవాలంటే ‘కార్నే’ అనే కస్టమ్స్ పుస్తకం కావాలి, దానికి పెద్ద మొత్తం డిపాజిట్ పెట్టాలి. భూటాన్‌కి ఆ బాధ లేదు గానీ, అక్కడ మన దేశస్థులు కూడా రాత్రికి మనిషికి 1,200 రూపాయల రుసుం కట్టాలి. పది రాత్రులకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. చివరికి నేపాల్ తేలింది. మనకి వీసా అక్కర్లేదు. మన నంబరు ప్లేటుతోనే బండి పోతుంది. అక్కడా ఎడమవైపే నడపాలి. సరిహద్దు దగ్గర ‘భన్సార్’ అనే కస్టమ్స్ కార్యాలయంలో ఎన్ని రోజులుంటామో చెప్పి, అన్ని రోజులకీ రుసుం కట్టి చీటీ తీసుకుంటే చాలు.

‘చాలు’ అని అప్పట్లో అనుకున్నాను.

దారి గీసుకున్నాం. హన్మకొండ నుంచి మంచిర్యాల, చంద్రపూర్ మీదుగా నాగపూర్. అక్కడి నుంచి జబల్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్, సోనౌలీ. సోనౌలీ గేటు దాటితే నేపాల్. ఆ పైన బుట్వల్, నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్, ఖాట్మండు. పోను సుమారు 1,800 కిలోమీటర్లు, రాను కూడా అంతే. రోజుకి నాలుగొందలకి అటూ ఇటూ, చీకటి పడ్డాక హ్యాండిల్ ముట్టుకోవద్దు. ఇది మా ఇద్దరి ఒట్టు.

ఎప్పుడు పోవాలన్నది మాత్రం వాన చెప్పింది. నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ పోయే రోడ్డు ఒకపక్క కొండ, ఒకపక్క త్రిశూలి నది. 2024 జూలైలో ఆ దారిలోనే సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా నదిలోకి కొట్టుకుపోయాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్రైవర్ కొడుకుని కదా, బస్సు ప్రమాదం అంటే ముందు స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషే గుర్తొస్తాడు. వానాకాలం పూర్తిగా పోయాక, కార్తీకంలో బయల్దేరాలని తేల్చుకున్నాం.

అవును, మా బాపు ఆర్టీసీ డ్రైవర్. ఏటూరునాగారం రూటులో ఎన్నో ఏళ్ళు నైట్ హాల్ట్ చేశాడు. ఉన్న అలవాటు ఒక్కటే. బస్సు తీసే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ. ఒక్కో టైరునీ కాలితో తన్ని చూడ్డం, వంగి కింద ఆయిల్ చుక్క ఉందేమో చూడ్డం. ఎంత ఆలస్యమైనా ఆ చుట్టు తిరగాల్సిందే. రిటైరయ్యాక, 2014 జనవరిలో, వచ్చిన డబ్బుల్లోంచి బుల్లెట్ కొన్నాడు. “జీవితమంతా సర్కారు బండి నడిపిన, ఇదొక్కటి నాది” అనేవాడు. తెలంగాణ రాకముందు బండి కాబట్టి ఇప్పటికీ ఏపీ 36 నంబరే. ఆయన పోయి మూడేళ్ళయింది. ఖాట్మండు పోయేది ఆ బండి మీదే.

మెకానిక్ భాయ్ రెండు రోజులు బండిని విప్పి పెట్టుకున్నాడు. చైనూ స్ప్రాకెట్లూ, బ్రేకు షూలు, క్లచ్ కేబులు మార్చాడు. కార్బురేటర్ కడిగాడు. చక్రాల తీగలు ఒక్కొక్కటీ మీటి, వదులైనవి బిగించాడు. విడిగా పెట్టుకొమ్మని ఒక జాబితా రాయించాడు: ఒక క్లచ్ కేబులు, ఒక యాక్సిలరేటర్ కేబులు, రెండు స్పార్క్ ప్లగ్గులు, ముందు వెనక ట్యూబులు, ఫ్యూజులు, బల్బులు, చైన్ లింకు, టైరు విప్పే ఇనుప పట్టీలు, చేతి పంపు. అంతా రాసుకుని లేవబోతుంటే, “కూసోండి సార్, అసలు పని ఇప్పుడున్నది” అన్నాడు.

ఆ అసలు పని వెనక చక్రం పంక్చరు. మా బండికి తీగల చక్రం, లోపల ట్యూబు. పంక్చరైతే చక్రం ఊడదీయాల్సిందే. “ఆడ నేనుండ కద సార్” అంటూ పానా నా చేతికిచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సెంటర్ స్టాండు వేసి, యాక్సిల్ నట్టు విప్పి, బ్రేకు రాడ్డు తీసి, చక్రం బయటికి లాగేసరికి గంట పట్టింది. టైరు ఒక అంచు విప్పేసరికి చొక్కా తడిసిపోయింది. ప్యాచ్ అంటించి, ట్యూబు లోపలికి తోసి, పట్టీతో టైరు ఎక్కించి, గాలి కొట్టాను. ఎక్కినట్టే ఎక్కి దిగిపోయింది. పట్టీ కింద ట్యూబు నలిగి ఇంకోచోట చిరిగింది. పాత పంక్చరు వేసి కొత్త పంక్చరు చేసిన ఘనత నాది. గల్లీలో పిల్లలు చుట్టూ చేరి నవ్వుతున్నారు, అందులో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. నాలుగోసారికి గాలి నిలబడింది. ఆ రోజు మూడు గంటల్లో నేర్చుకున్నది నలభై వీడియోల్లో నేర్చుకోలేదు.

తర్వాత ఒళ్ళు పరీక్ష. రెండు పక్కలా సంచుల్లో పదేసి కిలోల బియ్యం కట్టుకుని కాళేశ్వరం పోయొచ్చాను. బరువు కట్టిన బండి ఖాళీ బండి లాగా నడవదు. మలుపులో ఆలస్యంగా తిరుగుతుంది, బ్రేకు వేస్తే ఇంకొంచెం ముందుకి పోయి ఆగుతుంది. అది తెలియడానికే బియ్యం. తెల్లారి లేవబోతే నడుము సహకరించలేదు. అప్పటి నుంచి గంటకోసారి ఆగి పది నిమిషాలు నడవాలని రూలు పెట్టుకున్నాను. కాళేశ్వరంలో నది ఒడ్డున కాసేపు కూర్చున్నాను. మూడేళ్ళ కింద బాపు అస్థికలు కలిపింది అక్కడే. “నీ బండి కొంచెం దూరం తీసుకుపోతున్న” అని మనసులో చెప్పుకున్నాను. చెప్పేశాను కాబట్టి అనుమతి దొరికినట్టే అనుకున్నాను.

అనుమతి అంత తేలిక కాదని వారం తిరక్కుండానే తెలిసింది.

మన బండి బీమా పాలసీ తీసి చూడండి. ‘భౌగోళిక పరిధి: ఇండియా’ అని ఉంటుంది. అంటే సోనౌలీ గేటు దాటిన మరుక్షణం ఆ కాగితానికి విలువ లేదు. అయితే కొంత అదనపు ప్రీమియం కడితే దాన్ని నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లకి పొడిగించే వీలుంది. ఆ పొడిగింపు కోసమే ఏజెంటుకి ఫోన్ చేశాను. కుర్రాడు చురుగ్గా ఉన్నాడు.

“సార్, పాలసీ మీద పేరు మీది కాదు కదా?”

“మా నాన్నగారిది.”

“ఒకసారి ఆయనకివ్వండి సార్, రెండు ప్రశ్నలడగాలి.”

“ఆయన పోయి మూడేళ్ళయింది.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “మరి రెన్యువల్స్ ఎవరు చేస్తున్నారు సార్?”

“నేనే. ఏటేటా ఫోన్లో కడుతున్న.”

ఆ తర్వాత అతను మెల్లగా చెప్పిన సంగతులు విని కుర్చీలో కూలబడ్డాను. బండి యజమాని చనిపోతే ఆ పాలసీ మూడు నెలలు, లేదా దాని గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆలోపు వారసులు తమ పేరున మార్పించుకోవాలి. బండి రిజిస్ట్రేషనూ అంతే. యజమాని పోయిన ముప్పై రోజుల్లో రవాణా అధికారులకి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. ఇక యజమానే నడుపుతూ ప్రమాదానికి గురైతే వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒకటుంటుంది కదా, అది ఆర్సీ మీదా పాలసీ మీదా పేరున్న యజమానికే. నాకు కాదు. మూడేళ్ళుగా నేను చనిపోయిన మనిషి పేరున ప్రీమియం కడుతూ, నిశ్చింతగా బండి నడుపుతున్నాను. అదే బండి వెనక మా అమ్మాయిని ఎక్కించుకుని కోచింగుకి దింపి వచ్చిన పొద్దులు ఎన్నో.

ఎందుకు మార్పించలేదని అడిగితే ఇన్నాళ్ళూ ఒక జవాబు చెప్పేవాణ్ణి. బాపు పేరు తీసెయ్యడానికి మనసొప్పలేదని. వినేవాళ్ళు కూడా అవునన్నట్టు తలూపేవాళ్ళు. నిజం చెప్పాలంటే అందులో సగం ప్రేమ, సగం బద్ధకం. ఇంకో చిన్న పాలు కూడా ఉంది. అది మా అక్క.

వారసులందరి ఒప్పుకోలు ఉంటే గానీ బండి ఒకరి పేరున ఎక్కదు. మా ఇంట్లో వారసులం ముగ్గురం: అమ్మ, అక్క, నేను. బాపు దినాలయ్యాక నేను బండి తాళం జేబులో వేసుకుని వచ్చేశాను. అక్కని ఒక్క మాట అడగలేదు. ఆమె ఏమీ అనలేదు. అనకపోయినా, ఆ తర్వాత ఆమె ఫోన్లు తగ్గాయి. పండక్కి వస్తే బండి ఉన్న వైపు చూసేది కాదు. నాకు తెలుసు, తెలియనట్టున్నాను. చిన్నప్పుడు బాపు డిపో నుంచి సైకిల్ మీద వస్తుంటే గల్లీ మొదట్లోనే ఎదురుపోయి ముందు కడ్డీ మీద ఎక్కి కూర్చునేది ఆమే, నేను కాదు.

ఒక ఆదివారం స్టాంపు కాగితం పట్టుకుని కరీంనగర్ పోయాను. కావాలనే బస్సులో పోయాను. అక్క ముందు అన్నం పెట్టింది. చేపల పులుసు. తిన్నాక కాగితం తీశాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. పెన్ను తీసి సంతకం పెట్టింది. పెట్టాక అంది:

“మూడేండ్ల కింద అడిగితె అప్పుడే పెడుదును గద తమ్మీ.”

నా దగ్గర జవాబు లేదు. “తప్పయింది అక్కా” అన్నాను. యాభై రెండేళ్ళ వయసులో ఆ రెండు మాటలు అనడానికి కాళేశ్వరం పోయొచ్చినంత కష్టమైంది. అక్క లోపలికి పోయి మంచినీళ్ళ చెంబు తెచ్చింది. “నంబరు మారుస్తరా?” అని అడిగింది. మారదు, పేరొక్కటే మారుతుంది, ఏపీ 36 అట్లనే ఉంటదని చెప్పాను. “అయితె మంచిదే” అంది. బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది.

అమ్మ సంతకానికి నేను భయపడ్డాను. బాపు పేరు తీసేసే కాగితం మీద ఆమెతోనే సంతకం పెట్టించాలి. విషయం చెబుతుంటే నా గొంతే పట్టుకుంది. అమ్మ మాత్రం చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, “కార్డు మీద పేరు పోతె బాపు పోతడా? పొయ్యినాయన ఎప్పుడో పాయె. నువ్వు టైర్లు జూసుకున్నవా బిడ్డా?” అంది.

ఆ తర్వాత అంతా కాగితాల దారి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, ఫారం 31, అఫిడవిట్లు, పొల్యూషన్ సర్టిఫికెట్, స్లాట్ బుకింగు, ఆలస్యానికి అదనపు రుసుం. పాత ఆర్సీ ఇచ్చేసే ముందు రెండు జిరాక్సులు తీయించాను, ఒకటి అక్కకి, ఒకటి నాకు. కొత్త కార్డు మీద నా పేరు చూస్తే గర్వమేమీ కలగలేదు. వేరేవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది. దాంతో పాటు నా పేరున కొత్త పాలసీ తీసుకున్నాను, ప్రమాద బీమాతో, నేపాల్ పొడిగింపుతో. బాపు ఏళ్ళ తరబడి ఒక్క క్లెయిము లేకుండా నడిపినందుకు వచ్చే నో క్లెయిమ్ తగ్గింపు వారసుడికి బదిలీ అవుతుందని అప్పుడే తెలిసింది. ఆయన జాగ్రత్త నాకు రూపాయల్లో అందింది.

ఇక్కడితో అయిపోలేదు. పాలసీ ఫారంలో ‘నామినీ’ అన్న గడి దగ్గర మా ఆవిడ పేరు రాస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూస్తోంది.

“ఏమండీ, మిగతావాటిల్లో ఎవరి పేరుంది?”

“నీదే ఉంటది.”

“ఉంటదా, ఉందా?”

ఆ రాత్రి బీరువా తీశాం. పెళ్ళికి ముందు తీసుకున్న జీవిత బీమా పాలసీలో నామినీ బాపు. మొదటి బ్యాంకు ఖాతాలో నామినీ బాపు. నామినీ బతికి లేకపోతే ఆ డబ్బు వారసులకే చెందుతుంది, నిజమే. కానీ అది రుజువు చేసుకోవడానికి ఆమే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి, అది కూడా తిరిగే స్థితిలో లేని రోజుల్లో. ఆవిడ ఏమీ అనకుండా చెల్లని కాగితాలన్నీ ఒక పక్క పెట్టింది. ఆ దొంతర చూశాకే నాకు అసలు సంగతి అర్థమైంది. మూడు నెలలుగా ఈమె నా ప్రయాణానికి అడ్డు చెప్పడం లేదు, భయపడుతోంది. ఆ భయానికి నేను క్లచ్ కేబుళ్ళ జాబితా చూపించి ధైర్యం చెబుతున్నాను. ఆమెకి కావాల్సింది ఈ జాబితా. వారం రోజుల్లో అన్నీ మార్పించాను.

ఇప్పుడు ఇది రాస్తున్నది శనివారం రాత్రి. సోమవారం తెల్లవారుజామున బయల్దేరుతున్నాం. కాలేజీ సెలవు, దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి వచ్చాయి. ప్లాస్టిక్ సంచిలో కాగితాలన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆధార్ ఉంటే చాలనుకున్నాను, మా వయసువాళ్ళకి చాలదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. లైసెన్సు, ఆర్సీ ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు, సరిహద్దు అవతల అసలు కార్డులు చేతిలో ఉండాలి. మన పెద్ద నోట్ల మీద అక్కడ చాలాకాలం ఆంక్షలున్నాయి కాబట్టి వంద నోట్ల కట్టలు తెచ్చుకున్నాం. మన వందకి వాళ్ళ 160. వాళ్ళ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. బీపీ మాత్రలు ఇరవై రోజులకి, డాక్టర్ చీటీతో సహా. సకినాలు అమ్మ కట్టింది, వద్దన్నా వినలేదు.

మా అమ్మాయి ఒక కాగితం మీద బ్లడ్ గ్రూపు, మూడు ఫోన్ నంబర్లు రాసి హెల్మెట్ లోపల అంటించింది. మొదటి నంబరు వాళ్ళమ్మది, రెండోది మా మిత్రుడి భార్యది. మూడోది మా అక్కది. ఆ నంబరు తానే అడిగి రాయించుకుందట అక్క.

ఇందాక చీకటి పడ్డాక బండిని గేటు దగ్గరికి తెచ్చి సామాను కట్టి చూసుకున్నాను. కట్టాక, ఎవరూ చెప్పకుండానే దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాను. రెండు టైర్లనీ కాలితో తన్ని చూశాను. వంగి కింద చూశాను. ఆయిల్ చుక్క లేదు. గడప మీద కూర్చున్న అమ్మ చూసి, “ఆఁ, గట్ల” అంది.

ఖాట్మండు చేరతామో లేదో సోమవారం నుంచి తెలుస్తుంది. వాన పడొచ్చు, బండి మొరాయించొచ్చు, నడుము గోరఖ్‌పూర్‌లోనే చాలించొచ్చు. ఏదైనా వెనక్కి తిరిగొస్తాం, సిగ్గేం లేదు. ఈ అయిదు నెలల్లో సర్దుకున్నవి మాత్రం సర్దుకున్నట్టే. మీకు బుల్లెట్ లేకపోవచ్చు, నేపాల్ పోయే ఉద్దేశమూ లేకపోవచ్చు. అయినా ఈ ఆదివారం ఒక్క గంట బీరువా తెరవండి. ఏ కాగితం మీద ఎవరి పేరుందో చూడండి. సంతకం కోసం అక్కదగ్గరికో, అన్నదగ్గరికో పోవాల్సి వస్తే ఫోన్‌తో సరిపెట్టకండి. పోయి, అన్నం తిని రండి.